పదకొండు ఇంజెక్షన్ల పేషెంటు

ఒక మనిషికి అరగంటలో పదకొండుసార్లు ఒకే ఇంజెక్షన్ ఇస్తుంటే, కళ్లారా చూసి నూటికి నూరు మార్కులు వేసిన ఘనుణ్ని నేను. కంగారుపడకండి, ఆ మనిషి క్షేమంగానే ఉన్నాడు. పోయింది నా పరువొక్కటే.

పత్రికలో కొన్నేళ్లు సినిమా పేజీ చూసి, విసుగెత్తి, జూబ్లీహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో రిపోర్టులు రాసే ఉద్యోగంలో నేను చేరిన కొత్తలో మాట ఇది. మందుల వాడకం ఎలా జరుగుతోందో చూసి సరిదిద్దే ఫార్మసిస్టు స్వర్ణలత గారు ఒకరోజు నా చేతిలో కాగితాల కట్ట పెట్టారు.

"మందు ఇచ్చేటప్పుడు నర్సు పేషెంటు పేరు అడుగుతోందా, చేతి పట్టీ చూస్తోందా, ఏం మందో చెబుతోందా, ఎందుకో చెబుతోందా, ఇవ్వగానే సంతకం పెడుతోందా. టిక్కులు పెట్టడమేనండీ."

"మీరే చూడొచ్చు కదండీ?"

"నేను వెళ్తే అందరూ సర్దుకుంటారు. మిమ్మల్నెవరు పట్టించుకుంటారండీ?"

దీన్ని నేను పొగడ్తగా తీసుకున్నాను. నా తెలివి ఏ స్థాయిలో ఉండేదో మీకీపాటికి అర్థమై ఉంటుంది.

రెండో అంతస్తులో యాదమ్మ సిస్టర్. షేక్‌పేట మనిషి, ఆసుపత్రిలో అందరికంటే పాత నర్సు. ఆమెను వార్డు ఇన్‌చార్జిని చేయాలా వద్దా అన్నది ఆ వారమే తేలాలి. నేను నింపే కాగితం కూడా ఆమె ఫైల్లో చేరుతుంది. ఆవిడ మందుల బండి తోసుకుంటూ బయలుదేరిందో లేదో, నాలుగు వైపుల నుంచీ మొదలైంది.

"సిస్టర్, ఏసీ పనిచేస్తలేదు!"

"సిస్టర్, డాక్టరుగారు ఎప్పుడొస్తారండీ?"

"సిస్టర్, మా మామయ్యకి ఇడ్లీ పెట్టొచ్చా?"

ఆవిడ ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నా మీదికి వచ్చింది. "ఏంది సారూ, దర్వాజల నిలబడ్డరు? జర జరుగుండ్రి!"

జరిగాను. జరిగి, పేరు అడగనందుకు ఒక సున్నా, సంతకం ఆలస్యమైనందుకు ఇంకో సున్నా వేశాను. నన్ను జరగమన్నందుకు గడి లేదు గానీ, ఉంటే అక్కడా వేసేవాణ్ని.

అక్కణ్నుంచి మూడో అంతస్తు. ఒక గది కిటికీ అద్దంలోంచి చూద్దును కదా, ఇస్త్రీ మడత నలగని నర్సు! గుమ్మంలో ఒకాయన "సైలెన్స్!" అని అరిచాడు. ఆమె లోపలికి వచ్చి పేరు అడిగింది. పట్టీ చూసింది. "ఇది యాంటీబయాటిక్. మీ ఇన్ఫెక్షన్ తగ్గడానికి," అంది. సూది వేసింది, సంతకం పెట్టింది. ఆహా! రెండు నిమిషాల్లో మళ్లీ వచ్చి మళ్లీ పేరు అడిగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ అడిగింది. నా కళ్లు చెమర్చాయి. మూలన టోపీ పెట్టుకున్న పెద్దాయన ప్రతిసారీ తల అడ్డంగా ఊపుతున్నాడు. పేషెంటు మామగారు కాబోలు, అల్లుడి మీద బెంగ అనుకున్నాను.

పదకొండుసార్లు. యాభై అయిదు టిక్కులు. కింద "మిగతా నర్సులు ఈమెను చూసి నేర్చుకోవాలి" అని రాసి, స్వర్ణలత గారి దగ్గరికి పరుగెత్తాను.

"పదకొండుసార్లు పేరు అడిగిందా?"

"అడగడమేంటండీ, పదకొండుసార్లూ ఇంజెక్షన్ ఇచ్చింది."

"ఒకే పేషెంటుకా? ఎంతసేపట్లో?"

"అరగంటలో."

ఆవిడ మొహం దూదికన్నా తెల్లబడింది. "బతికే ఉన్నాడా?"

"నవ్వుతూనే ఉన్నాడండీ!"

ఎమర్జెన్సీ గంట మోగింది. ఇద్దరు డాక్టర్లు, ఒక ఆక్సిజన్ సిలిండరు, ముందు దారి చూపిస్తూ నేను. దారిలో కలిసిన యాదమ్మ అందరికంటే ముందు గదిలోకి దూకి, పేషెంటు చేయి పట్టుకుంది. అంత హడావిడిలోనూ పట్టీ చూసి, "నీ పేరేందయ్యా?" అని అడిగింది.

"క్యారెక్టర్ పేరా, సొంత పేరా అండీ?" అన్నాడతను.

మూలన ఉన్న 'మామగారు' లేచాడు. ఆయన డైరెక్టరు. "ఎవరండీ మీరంతా? కెమెరా రాకముందే ఇంత సహజంగా చేసేస్తే ఎలా?"

ఆ అంతస్తును వారం రోజులు సినిమా వాళ్లకు కిరాయికి ఇచ్చారట. జరుగుతున్నది రిహార్సల్. సిరంజికి సూదే లేదు. ఫిల్మ్‌నగర్‌లో చెప్పుల జతలు అరగదీసిన సినిమా విలేకరికి తప్ప, ఈ సంగతి ఆసుపత్రిలో లిఫ్టు నడిపేవాడికి కూడా తెలుసు. కంగారులో ఏ అంతస్తుకు పరుగెడుతున్నారో ఎవరూ చూసుకోలేదంతే.

స్వర్ణలత గారు నవ్వాపుకుని, యాదమ్మకు నేను వేసిన సున్నాలు చూపించారు. "ఆ అమ్మాయి ఒక్క తప్పూ చెయ్యలేదు. మీకెందుకు కుదరట్లేదమ్మా?"

"గామె సూది పట్టంగనే ఒకాయన సైలెన్స్ అని ఒర్లుతుండు మేడం, కింద మా వార్డు దాకా ఇనబడుతది. నాకెవ్వలు ఒర్లుతరు? నాకు ఏసీలు, ఇడ్లీలు!"

స్వర్ణలత గారి నవ్వు ఆగిపోయింది. నా కాగితం చింపేసి, కొత్త కాగితం మీద ఒకే వాక్యం రాసుకున్నారు: మందులిచ్చే వేళ నర్సును ఎవరూ పలకరించకూడదు. మర్నాటి నుంచి అదే రూలు. రెండు రోజులయ్యాక ఆవిడే చాటుగా నిలబడి చూస్తే యాదమ్మకు ఒక్క సున్నా కూడా పడలేదు. ఆ వారాంతానికి ఇన్‌చార్జి అయింది.

అభినందించడానికి వెళ్లి, వార్డు గుమ్మంలో కుడిచేయి చాచి గంభీరంగా మొదలుపెట్టాను: "యాదమ్మగారూ, పేషెంటుకు నిజంగా జబ్బుందని రూఢి చేసుకోకుండా, ఈ జన్మలో ఏ నర్సుకూ మార్కులు వెయ్యనని ఇందుమూలంగా ప్రమాణం..."

మందుల బండి నా కాళ్ల ముందు ఆగింది.

"సారూ," అంది యాదమ్మ, "సైలెన్స్!"