మలావీకి ఒక ఆది జాకెట్టు

వచ్చే నెల మలావీలోని ఒక బడిలో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పడానికి వెళ్తున్నానని తెలిసి, మా అల్వాల్ కాలనీవాళ్ళు పాతబట్టలు మూటలు కట్టి ఇచ్చారు. ఈ రోజు ఆ బడి హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసి సంబరంగా చెప్పాను. ఆవిడ నవ్వేసింది.

"బట్టలు వద్దు. ఊరికే పంచితే మా దర్జీలకు పనుండదు. మీరొస్తే చాలు."

సిగ్గేసింది. సాయంత్రం మూట తిరిగివ్వబోతూ ఎదురింటి యాదమ్మ పిన్నికి సంగతంతా చెప్పాను.

"గట్లనా? అక్కడి దర్జీలు మంచిగ కుడ్తరా?"

"కుడతారనే అనుకుంటున్నా పిన్నీ."

"అయితే జెర ఆగు" అని లోపలికెళ్ళి, ఆది జాకెట్టూ కొత్త గుడ్డా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆళ్ళతోనే కుట్టియ్యి. చేతులు మోచేతుల దాంక ఉండాలె."

దానం మోసుకెళ్దామనుకున్నదాన్ని, ఇప్పుడు గిరాకీ మోసుకెళ్తున్నాను. ఇంకెవరికైనా జాకెట్లు కుట్టించాలా? పెట్టెలో బోలెడు చోటుంది!