పచ్చి కట్టెల వంట

కొత్తగూడెంలో ఒక కిరాయి గది ఖాళీ అయిందని ముందు నాకు చెప్పింది పాలు పోసే మల్లమ్మ. మా పాపకు ఉబ్బసం. మేమున్న ఇంట్లో పొగ నిలిచిపోయేది. పాపను ఎత్తుకొని ఆశతో పోతే, కొత్తగా సున్నం వేసిన గదిలో తలుపు దగ్గరికేసుకొని ఇంటి పెద్దమ్మ పచ్చి కట్టెలతో అన్నం వండుతున్నది. పొగ పోతదో లేదో చూడటానికి, కిరాయికి ఇచ్చే ముందు ప్రతిసారీ ఇట్లనే వండేదట.

"ఇప్పుడే ఇయ్యను బిడ్డా. నా కండ్లే మండుతున్నయ్."

"పర్వాలేదు పెద్దమ్మా, సర్దుకుంటం."

"నువ్వు సర్దుకుంటవ్. పొల్ల సర్దుకుంటదా?"

మేస్త్రీని పిలిపించి పొగగొట్టం ఎత్తు పెంచింది. మళ్ళీ వండింది. ఈసారి కండ్లు తుడుచుకోకుండానే బయటికొచ్చి, ఆ అన్నమే మాకు పెట్టి, తాళంచెవి చేతికిచ్చింది.

ఆ చలికాలం మా పాప దగ్గకుండా నిద్రపోయింది. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆ పెద్దమ్మను మీరూ ఒకసారి తలుచుకోండి.