వరహాలరావు అరిష్టం

అరకులోయలో ‘వెన్నెల లాడ్జి’లో దిగినవాళ్లు కొండలు చూశారో లేదోగానీ, వరహాలరావు ముక్కు చూడకుండా మాత్రం ఎవరూ తిరిగి వెళ్లలేదు. కారులోంచి సామాను దింపుతుండగానే ఆ ముక్కు కౌంటరు దాటి ముందుకొచ్చేది. దాని వెనకాల మనిషి వచ్చేవాడు. “దయచెయ్యండి, దయచెయ్యండి” అంటూ బ్యాగు అందుకుని, మర్యాద కోసమన్నట్టు ఓసారి ఊపేవాడు. లోపల ఏదైనా గలగలమంటే, “గాజు సామానా బాబూ? జాగర్త, మా మెట్లు మంచివి కావు” అనేవాడు.

ఆయనది సాలూరు. ముప్పయ్యేళ్ల కిందట కూరగాయల బేరానికి లారీ మీద కొండెక్కి, చల్లగా ఉందని ఉండిపోయాడు. గిరిజనేతరులకి అక్కడ భూమి హక్కు లేదు. వరహాలరావు చట్టాన్ని ఎంతగానో గౌరవించే మనిషి. అందుకే లాడ్జి స్థలం కాగితాల మీద భీముడనే గిరిజన రైతు పేరు చెక్కుచెదరకుండా ఉంచాడు. ఆ గౌరవం చాలదనిపించి, భీముడికి అదే లాడ్జి గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం కూడా ఇచ్చాడు.

లాడ్జి కింద బారు ఉంది. పైన ప్రతి గదిలోనూ ‘బయటి మద్యం తేరాదు’ అనే బోర్డు ఉంది. ఈ రెంటికీ సంబంధమేమిటని ఎవరైనా అడిగితే వరహాలరావు నొచ్చుకునేవాడు. “తాగడం తప్పని నేనన్నానా? దొంగతనంగా తేవడం తప్పు. మనిషన్నాక నిజాయితీ ఉండాలి” అనేవాడు. ఆ నిజాయితీ కోసం ఇరవయ్యేళ్లుగా పాటుపడుతున్నాడు. పాల ఫ్లాస్కులో బ్రాందీ పట్టుకున్నాడు. గిటారు పెట్టెలో బీర్లు పట్టుకున్నాడు. గుండ్రంగా కోసి మళ్లీ అతికించిన పుచ్చకాయలో వోడ్కా పట్టుకున్న రోజైతే భోజనం కూడా మర్చిపోయాడు. పట్టుకున్న సీసాలన్నీ ‘కస్టడీ’ అని పేరు పెట్టిన బీరువాలోకి వెళ్లేవి. గది ఖాళీ చేసేటప్పుడు అడిగినవాళ్లకి తిరిగి ఇచ్చేవాడు. మర్చిపోయినవాళ్ల సీసాలు ఏమయ్యేవో అడిగిన ధైర్యవంతుడు అరకులో ఇంకా పుట్టలేదు.

అలాంటి వరహాలరావుకి అరవయ్యేళ్లు నిండాయి. విశాఖలో బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు బిందుమాధవి తల్లిదండ్రులిద్దరికీ ఓడ టిక్కెట్లు కొంది. విశాఖ రేవులో ఎక్కితే మూడు రోజులు సముద్రంలో తిప్పి మళ్లీ అక్కడే దింపుతారు. తిండి, పాటలు, ఈత కొలను అన్నీ అందులోనే.

“ఒకటే మాట నాన్నా” అంది ఫోన్లో. “బయటి మందు లోపలికి రానివ్వరు. కావాలంటే వాళ్ల దగ్గరే కొనుక్కోవాలి. ఒక పెగ్గుకి వాళ్లు తీసుకునే డబ్బులకి మన ఊళ్లో ఫుల్ బాటిల్ వస్తుంది. మూడు రోజులు మానేస్తే సరిపోతుంది కదా?”

వరహాలరావు ఫోన్ పెట్టేసి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు.

“దోపిడీ!” అన్నాడు గేటు దగ్గరికొచ్చి. “పచ్చి దోపిడీరా భీముడూ! నడి సముద్రంలో మనిషి ఇంకెక్కడికి పోయి కొనుక్కుంటాడని ఆ రేటు?”

“మన కొండ మీదా అంతే కద బాబూ” అన్నాడు భీముడు బీడీ ఆర్పి.

భీముడి మాటలకి వరహాలరావు ఎప్పుడూ జవాబు చెప్పేవాడు కాదు. స్థలం యజమానితో గొడవ ఎందుకని.

ఆ వారమంతా ఆయన ఫోన్లో వీడియోలు చూశాడు. ఓడల్లోకి మందు దాటించే ఉపాయాలు చెప్పే కుర్రాళ్లు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. ఒకడు షాంపూ సీసాలో పొయ్యమన్నాడు. ఇంకొకడు నోరు పుక్కిలించే మందులో రంగు కలపమన్నాడు. పాత గురువు కొత్త శిష్యుల తప్పులు చూసినట్టు వరహాలరావు తల అడ్డంగా ఊపుతూ చూశాడు. “షాంపూ సీసాలోనట! కడగడం చేతకాక సబ్బునీళ్లు తాగి చస్తారు సన్నాసులు.”

ఆయన ఎంచుకున్నది అరిష్టం. ఆయుర్వేదం కొట్లో దొరికే దశమూలారిష్టం పెద్ద సీసాలు రెండు కొన్నాడు. ముదురు గోధుమరంగు గాజు. రమ్ము రంగూ అదే. అరిష్టానికి ఎటూ ఘాటు వాసన ఉంటుంది కాబట్టి ముక్కుతో పట్టుకోవడం కష్టం. అసలు అరిష్టం పెరట్లో జామచెట్టు మొదట్లో పారబోశాడు. సీసాలు కడిగి, ఆరబెట్టి, రమ్ము నింపి, మూతల సీళ్లు అతికినట్టే కనపడేలా నొక్కాడు. ఊళ్లో ఆరెంపీ డాక్టరు సర్వేశ్వరరావు చేత చీటీ కూడా రాయించుకున్నాడు: మోకాళ్ల నొప్పులు, రోజూ రెండు పూటలా, పూటకి రెండు మూతలు.

ఆయన భార్య రాజులమ్మకి పదేళ్లుగా మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కుతూ ‘అమ్మా’ అనని రోజు లేదు. ఆమె కోసం ఆ ఇంట్లోకి ఏనాడూ ఒక సీసా అరిష్టం రాలేదు.

“మీకెప్పుడొచ్చాయండీ మోకాళ్ల నొప్పులు?” అందామె సూట్‌కేసులో సీసాలు చూసి.

“వయసే. చెప్పి వస్తాయేటి?” అన్నాడు వరహాలరావు.

రేవులో సామాను తనిఖీకి పెద్ద వరస ఉంది. వాళ్ల ముందు విజయనగరం నుంచి వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు. వాళ్ల జ్యూసు ప్యాకెట్లలో ఉన్నది జ్యూసు కాదని వరహాలరావుకి నాలుగడుగుల దూరం నుంచే తెలిసిపోయింది. ఆయన ముక్కు అదిరింది. ఊరుకోవాలనుకున్నాడు. ఇరవయ్యేళ్ల అలవాటు ఊరుకోనివ్వలేదు.

“ఆ ప్యాకెట్ల అడుగు చూడండమ్మా, మళ్లీ అంటించినట్టున్నారు” అనేశాడు.

ప్యాకెట్లు బల్ల మీదికొచ్చాయి. కుర్రాళ్లు ఆయన వంక చూసిన చూపుకి అర్థం వెతకనక్కర్లేదు. సామాను స్కాన్ చేసే యంత్రం పక్కన, ఓడ సిబ్బంది నీలం కోటు వేసుకున్న అమ్మాయి మాత్రం ఆ గొంతు విని తలెత్తింది.

“బాబూ! బాగున్నారా?”

వరహాలరావు గుర్తుపట్టలేదు. రాజులమ్మ గుర్తుపట్టింది.

“ఓలమ్మ! మన రమణి గుంట కాదేటి! ఎంత ఎదిగిపోయావే!”

రమణిది డుంబ్రిగూడ దగ్గర చిన్న ఊరు. నాలుగేళ్లు వెన్నెల లాడ్జిలో గదులు సర్దింది. సీసాలు పట్టుకునే విద్య ఆమెకి నేర్పింది వరహాలరావే. “వాసనని నమ్మకు గుంటా. సీసా ఊపి చూడు. కషాయమైతే నురగ నిలబడుతుంది. మందైతే బుడగలొచ్చి చటుక్కున పోతాయి” అని చెప్పాడు. ఆమె బాగా నేర్చుకుంది. ఒక్కసారి మాత్రం, మిలిటరీలో చేసొచ్చిన ఓ ముసలాయన గదిలో క్వార్టర్ సీసా చూసి, చూడనట్టు దుప్పటి కప్పేసింది. అది తెలిసి వరహాలరావు ఆమెని హాల్లో నిలబెట్టాడు. టూరిస్టులు కాఫీలు తాగుతుండగా నమ్మకద్రోహం గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చి పంపేశాడు. తర్వాత ఆమె సీతంపేటలో ఏదో హోటల్ శిక్షణకి వెళ్లిందని విన్నాడు. అంతకు మించి వినడానికి ఆయనకి తీరిక లేకపోయింది.

ఇప్పుడు రమణి సూట్‌కేసు తెరిచింది. సీసా తీసింది. ఒకసారి ఊపి దీపానికి అడ్డంగా పట్టింది. బుడగలు లేచాయి, చటుక్కున పోయాయి.

వరహాలరావు చూశాడు. ఆమె చూసిందని కూడా చూశాడు.

“మోకాళ్లకా బాబూ?”

“ఆఁ… మోకాళ్లకే. చీటీ ఉంది.”

ఆమె చీటీని మొదటి అక్షరం నుంచి సంతకం దాకా చదివింది. వెనక వరస ఆగిపోయింది. విజయనగరం కుర్రాళ్లు ఎటూ కదలకుండా, ఎంతో ఆసక్తిగా నిలబడ్డారు. వరహాలరావు మెడ మీద చెమట కాలరులోకి దిగింది.

“రెండు పూటలు, పూటకి రెండు మూతలు” అంది రమణి పైకి. “అలాగే బాబూ. కానీ ఇలాటి మందులు రూముకి పట్టికెళ్లనివ్వరు. ఓడలో ఆస్పత్రి ఉంది, అక్కడ పెట్టుకుంటారు. టైముకి నర్సమ్మే కొలిచి ఇత్తాది. మీరు మర్చిపోయినా ఆవిడ మర్చిపోదు.”

“అంత కష్టం ఎందుకులే తల్లీ…”

“కష్టం ఏటుంది బాబూ, మోకాళ్ల కంటేనా?”

రాజులమ్మ ముందుకొచ్చింది. “నాకూ పదేళ్లయి నొప్పులే రమణీ. అందులోంచే నాకూ ఇప్పించవే.”

“అమ్మ పేరు కూడా రాత్తాను” అంది రమణి, రాసింది.

ఓడలో ఆస్పత్రి మూడో అంతస్తులో ఉంది. పొద్దున్న ఎనిమిదికి, సాయంత్రం ఆరింటికి మందు. నర్సు పేరు నిర్మల. చిన్న ప్లాస్టిక్ కప్పులో గీత దాకా కొలిచి, అంతే నీళ్లు కలిపి ఇచ్చింది.

“ఇక్కడే మింగాలి అంకుల్. రూముకి తీసుకెళ్లకూడదు.”

వరహాలరావు మింగాడు. అది నాలుక దాటిందో లేదో తెలియలేదు. పక్కన రాజులమ్మ తన కప్పు ఎత్తి, మింగి, ఓ క్షణం కళ్లు మూసుకుంది.

“గొంతు మండతందమ్మా” అంది.

“పనిచేస్తోందన్నమాట ఆంటీ” అంది నిర్మల నవ్వకుండా.

తను ఎంచి, నింపి, కొండ మీదనుంచి బట్టల్లో చుట్టి మోసుకొచ్చిన రమ్ముని గీతలు చూసి పంచుతుంటే వరహాలరావు రెండు రోజులు చూశాడు. మిగతా సమయం బార్లో కూర్చుని నిమ్మకాయ సోడా తాగాడు. రేట్ల కార్డు ముందుకి తీసేవాడు, చదివేవాడు, బోర్లించేవాడు. విజయనగరం కుర్రాళ్లు పక్కనుంచి వెళ్తూ, “అంకుల్, మందేసుకున్నారా?” అని ఆప్యాయంగా పరామర్శించేవారు.

రెండోరోజు సాయంత్రానికి ఓపిక పోయింది. “నొప్పి ఎక్కువగా ఉందమ్మా, నాలుగు మూతలు ఇయ్యి” అన్నాడు. ఎక్కువగా ఉంటే డాక్టరుగారు చూడాలంది నిర్మల. డాక్టరు వచ్చి ఏ నొప్పీ లేని ఆ మోకాళ్లని నొప్పి పుట్టేలా నొక్కాడు. ఓ మాత్ర ఇచ్చాడు. ఈత కొలను వద్దన్నాడు, మెట్లు వద్దన్నాడు. వెళ్తూ వెళ్తూ కంప్యూటర్లో ఏదో రాశాడు.

ఆ రాసిందేమిటో మూడోరోజు మధ్యాహ్నం తెలిసింది. ఆ మధ్యాహ్నం వరహాలరావు ఓడిపోయాడు. కార్డు మీద ఉన్న రేటుకే ఒక పెగ్గు కొందామని, దేవుడి మీద భారం వేసి బారు కౌంటరు దగ్గరికెళ్లాడు. కౌంటర్లో కుర్రాడు ఆయన గది కార్డు గీకి, తెర చూసి, ఎంతో వినయంగా తల వంచాడు.

“సారీ సర్. మీకు ఆల్కహాల్ ఇవ్వకూడదని డాక్టర్ నోట్ ఉంది.”

జీవితంలో మొదటిసారి పూర్తి ధర ఇచ్చి మందు కొనబోతే, అమ్మేవాడు వద్దన్నాడు. వరహాలరావు పై డెక్కు మీదికెళ్లి సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. చుట్టూ కనుచూపుమేర నీళ్లే. సోడాకి లోటు లేదు.

రాజులమ్మ మాత్రం ఆ మూడు రోజులూ ఓడంతా తిరిగింది. గుజరాతీ ఆడవాళ్లతో భాష రాకుండానే స్నేహం చేసింది. సాయంత్రం పాటలకి చప్పట్లు కొట్టింది. ఆరింటికి ఐదు నిమిషాల ముందే, “లేవండి, బేగి రండి, మందు టైమైంది” అని మొగుణ్ని లేపి తీసుకెళ్లింది.

నాలుగోరోజు పొద్దున్న ఓడ విశాఖ రేవుకొచ్చింది. దిగే దగ్గర రమణి సీసాలు రెండూ తెచ్చిచ్చింది. ఒకటి దాదాపు నిండుగానే ఉంది. రాజులమ్మ గుజరాతీ నేస్తాలకి వీడ్కోలు చెబుతోంది. వరహాలరావు గొంతు తగ్గించాడు.

“నీకు తెలుసు కదే?”

“తెలుసు బాబూ.”

“మరి ఆవేళే ఎందుకు చెప్పలేదు? అందరూ ఉన్నారు. ఆ కుర్రాళ్లని పట్టించింది నేనే. నన్ను పట్టిస్తే నీకు మంచి పేరొచ్చును.”

రమణి చేతిలో వాకీటాకీని ఓసారి అటూ ఇటూ తిప్పింది.

“మీరు నన్ను హాల్లో నిలబెట్టిన రోజు మా అమ్మ వంటింటి గుమ్మంలో ఉంది బాబూ. కూరగాయలు దింపడానికొచ్చింది. అంతా విన్నాది. ఇంటికెళ్లే దాకా నాతో ఒక్క మాట ఆడలేదు. ఇక్కడ మీ పక్కన రాజులమ్మగారు ఉన్నారు. అలాటి పని నా సేతుల్తో సెయ్యలేకపోయాను.”

వరహాలరావు సీసాలు రెండూ సంచిలోకి తోశాడు. ఇరవయ్యేళ్లుగా నిజాయితీ గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చాడో, వాటిలో ఒక్క ముక్క కూడా అప్పుడు పనికి రాలేదు.

“సెలవులకి ఇంటికొస్తే… లాడ్జికి రా” అన్నాడు చివరికి.

“అమ్మని చూడ్డానికి వత్తాను బాబూ” అంది రమణి, రాజులమ్మ వైపు చూస్తూ. తర్వాతి వాళ్ల సామాను అందుకోవడానికి వెళ్లిపోయింది.

అరకు రైల్లో కిటికీ దగ్గర సీటు రాజులమ్మే తీసుకుంది. సొరంగాలు మొదలయ్యాక, ఎదురు సీటు ఖాళీ అయ్యాక, నెమ్మదిగా అంది:

“మా నాన్నకి సారా కొట్టు ఉండేది, మర్చిపోయారేటి? మొదటి గుక్కకే తెలిసింది నాకు.”

“మరి ఊరుకున్నావేం?”

“పదేళ్లకి మొదటిసారి నా మోకాళ్లకి మీరు ఏదో ఒకటి తెచ్చారు. వద్దంటే బాగుంటదా?”

సొరంగంలో చీకటి కమ్మింది. రైలు చప్పుడుకి వరహాలరావు ఏమన్నాడో వినపడలేదు.

ఊళ్లో ఆయన ఈ సంగతి ఒక్కరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. వచ్చిన మొదటి సంతలోనే రాజులమ్మ పసుపు అమ్మే ఆవిడకి చెప్పింది. చిక్కుళ్ల దగ్గర మళ్లీ మొదలుపెట్టి, నర్సు కప్పు పట్టుకున్న తీరు చేత్తో చూపిస్తూ, డాక్టరు మోకాలు నొక్కిన చోటికొచ్చేసరికి చుట్టూ పదిమంది చేరారు. వరహాలరావు రెండడుగుల వెనక కూరల సంచి పట్టుకుని, ఆమె చెప్పడం ఎప్పుడు పూర్తవుతుందా అని నిలబడి ఉన్నాడు. బంగాళాదుంపలు బరువుగా ఉన్నాయి. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.