మెట్లెక్కిన లస్మవ్వ

నవాగామ్ గల్లీలో ఉండే లస్మవ్వ పక్షవాతమొచ్చిన కాలును ఈడ్చుకుంటూనైనా తల ఎత్తుకునే నడుస్తుంది. ఎవరు చెయ్యందించినా మొహానికున్న కరోనా మాస్కు సర్దుకుని పక్కకు జరుగుతుంది. ఆస్పత్రిలో చేరినవాళ్లకే డబ్బిస్తాం, వచ్చిపోయే ముసలివాళ్ల ఫిజియోథెరపీకి ఇక ఇవ్వమని గల్లీవాళ్లు పనిచేసిన మిల్లు తరఫు బీమా కంపెనీ చెప్పేసరికి, గల్లీ మొత్తం తరఫున తానే బయల్దేరింది. లిఫ్టు లేని ఆ ఆఫీసు మెట్లు ఒక్కతే ఎక్కింది.

మేనేజరు క్రాంతి గుంటూరువాడు. "ఇన్ని మెట్లెక్కి వచ్చారు కదమ్మా, ఇంకా థెరపీ ఎందుకు?" అన్నాడు. "ఎక్కుడు వచ్చింది బిడ్డా, దిగుడింకా రాలే," అంది లస్మవ్వ. అతను లేచి, కిందికి దించుతానని చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని చూసింది గానీ పట్టుకోలేదు. "మా గల్లీల ముసలోళ్లందరికి రోజొచ్చి గిట్లనే చెయ్యిస్తవా?"