మాధవరం ఒడ్డున ఒక సాక్షి సంతకం

మా నాన్న నిజాం మీద పోరాడాడని ఇంట్లో అందరికీ తెలుసు. రుజువు మాత్రం లేదు. ఎనభైల మొదట్లో, ఆయన పోయిన మరుసటి ఏడు, అమ్మ సమరయోధుల పెన్షన్‌కు దరఖాస్తు పెట్టబోతే, కళ్లారా చూసినవాళ్ల సంతకం కావాలన్నారు. నాన్న నోట తరచూ విన్న పేరు ఒకటే, మాధవరంలో పడవ నడిపే ఖాసీం సాబ్. ఆయన కోసం బయల్దేరాను.

ఆదోనిలో ఏడింటి బస్సెక్కితే ఎనిమిది దాటాక ఎమ్మిగనూరులో దిగాను. టికెట్టు రెండు రూపాయల చిల్లర. మాధవరం బస్సుకు గంట ఆగాలి. స్టాండు పక్క హోటల్లో ఉగ్గాని తింటూ ఆ పేరు చెప్తే, వడ్డించే ఆమె, "ఆయప్పా? నిజాం మనిషంటారే" అంది. తర్వాత బస్సు డ్రైవరేమో, "కాదమ్మా, నిజాం మీద తిరగబడినోళ్లను దాటించినోడు" అన్నాడు. ఎవరిని నమ్మాలో తెలియలేదు.

నాన్న పోరాడిన నలభై ఏడు, నలభై ఎనిమిది రోజుల్లో మాధవరం స్వతంత్ర భారతదేశంలో ఉంటే, తుంగభద్ర అవతల ఇంకా నిజాం రాజ్యమే. నేను బస్సు దిగి ఏటికి వెళ్లేసరికి, మాధవరం ఒడ్డున ఖాసీం సాబ్ పుట్టికి, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవకు, తారు పూస్తున్నాడు. నేనెవరో చెప్పాను.

"మీ నాయన్ని నాలుగుసార్లు ఆ గట్టుకు దాటించినానమ్మా. కరపత్రాలు తీసకపోతాండె."

ప్రాణం లేచివచ్చినట్టయి కాగితం చాపాను.

"ఇంకోటి కూడా ఇను. నిజాం ఓడి, మిలిట్రీ వచ్చినంక, ఆ గట్టున మా సాయిబులను చంపుతాంటే, రాయచూరు తట్టు నుంచి మా అన్న పెండ్లాం పిల్లల్తో పారిపోయి వచ్చినాడు. నేనే పుట్టిలో తోలుకొస్తాంటి. మీ నాయన, ఇంకో పదిమంది కట్టెలు పట్టుకొని ఈడ నిలబడినారు. దిగనీలేదు. ఎనక్కి తిప్పినా. మా అన్న మళ్ల కనపడలేదు."

"నాన్న ఏమన్నాడు తాతా?"

"తల తిప్పుకున్నాడు."

ఆయన చేతులు తుడుచుకొని, ఉర్దూలో నిదానంగా సంతకం చేశాడు. ఎందుకు చేస్తున్నావని అడిగాను.

"దాటించింది నిజమే కదమ్మా. రెండోది రాసేకి ఈ కాగితంలో తావు లేదు."

మాధవరం వెళ్లేవాళ్లు ఉదయమే ఏటికి చేరండి. మధ్యాహ్నం బస్సు కోసం తొందరపడి లేవకండి, సాయంత్రం ఇంకొకటి ఉంటుంది.

పెన్షన్ వచ్చింది. నాన్న ఎవరి స్వేచ్ఛ కోసం పోరాడాడో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు ఇంటికొచ్చి, నాలుగుసార్లు దాటించాడట అని మాత్రమే చెప్పాను. అమ్మ సంతకం చూసి, కాగితం మడిచి పెట్టెలో పెడుతూ, "వాళ్లన్న సంగతి చెప్పలేదా?" అని అడిగింది.