వడుగు బంతిలో ఇంగ్లీషు వ్యాకరణం

ఆ కాలంలో మా సూర్యాపేటలో ఇంగ్లీషు తెలిసినవాడంటే ఊరందరికీ తార్లు, అంటే టెలిగ్రాములు, చదివిపెట్టేవాడని అర్థం. తార్ వచ్చిందంటే ముందు ఇల్లంతా ఏడ్చేవారు, ఆ తర్వాత చదివించుకునేవారు, చివరికి అందులో పిల్లవాడు పుట్టాడని ఉంటే కళ్లు తుడుచుకుని బెల్లం పంచేవారు. మా బడిలో చదువంతా ఉర్దూలోనే. ఇంగ్లీషు కూడా ఉర్దూలోనే చెప్పేవారు. (మరి తెలుగు ఎక్కడుండేదని అడుగుతారేమో. ఇంట్లో ఉండేది, ముఖ్యంగా మా అమ్మ తిట్లలో.) మా మౌల్వీ సాబు చెప్పిన వ్యాకరణంలో మాటలు మూడే రకాలు: ఇస్మ్, ఫేల్, హర్ఫ్. పేరుకొకటి, పనికొకటి, మిగిలిన చిల్లరకంతా ఒకటి. ఏ భాషలోనైనా అంతేననుకుని, ఆ మూడింటినే నమ్ముకుని మిడిల్ పరీక్ష గట్టెక్కాను.

ఇబ్బందంతా కోదాడలో ఉన్న మా మేనమామతో వచ్చింది. కోదాడ దాటితే అవతల మొన్నమొన్నటిదాకా ఇంగ్లీషు వాళ్ల ఇలాకా. మామయ్య చిన్నప్పుడు ఆ అవతల జగ్గయ్యపేటలో చదువుకున్నాడు. అందుకని ఆయన మాట సగం ఆ వైపుది, గర్వం మాత్రం పూర్తిగా ఆ వైపుది. ఆయన కూతురు నాకు వరసైన మరదలు. తను ఉయ్యాలలో ఉన్నప్పుడే అనుకున్న సంబంధమని మా అమ్మ అనేది. నాకైతే ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పిల్ల తప్ప మరో పిల్ల మీద మనసు పోలేదు. నిజాం మీద పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, ఇక దేశం కుదుటపడింది కదా అని అమ్మ నన్ను వెంటబెట్టుకుని కోదాడ వెళ్లి మాట కదిపింది. మామయ్య నస్యం పట్టిస్తూ నన్ను ఎగాదిగా చూశాడు.

“ఏరా అల్లుడూ, ఇంగ్లీషులో పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎన్నిరా?”

“మూడు మామయ్యా” అన్నాను, ఏ మాత్రం తడుముకోకుండా.

ఆయన నవ్విన నవ్వుకు నస్యం పొడి మా ఇద్దరి మీదా పడింది. “మూడా! మిగతా అయిదూ దార్లో పారేసుకొచ్చావా? చూడు చెల్లాయ్, ఇక ముందు రోజులన్నీ ఇంగ్లీషువి. వీడు ఎనిమిదీ అప్పజెప్పిన రోజున పిల్ల సంగతి మాట్లాడుకుందాం. లేదంటావా, బెజవాడలో కాలేజీ కుర్రాడొకడు ఉండనే ఉన్నాడు.”

“ఏందన్నా గిది? పిల్లనిస్తవా, పరీక్ష పెడతవా?” అని అమ్మ గట్టిగానే అడిగింది కానీ, బయటకు రాగానే నా మీద పడింది. “ఆ ఎనిమిది ఏందో నేర్సుకోకపోతివా, నేను మళ్ల నా పుట్టింటి గడప ఎట్ల తొక్కాలెరా?”

మౌల్వీ సాబుకు చెబితే ఆయన గడ్డం నిమురుకుని, “ఎనిమిదా? బేటా, మూడింటితోనే బాద్షాలు రాజ్యాలు ఏలినరు. ఒక్క పెండ్లానికి ఎనిమిది ఎందుకు?” అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ పిల్ల ఆయన చేతిలో లేదు.

దాంతో నన్ను మిర్యాలగూడలో మా అక్క దగ్గరికి పంపించారు. బావ అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. వాళ్ల పక్కింట్లో ఒక క్రైస్తవ పంతులు ఉండేవారు. ఎండలోనూ వానలోనూ, చివరికి చావిట్లో కూర్చున్నా గొడుగు చేతిలోంచి వదలరు కనుక ఊళ్లో ఆయన పేరు గొడుగు సారు. పాపం ఆయన పుస్తకంలో ఉన్నట్టే ఓపిగ్గా మొదలుపెట్టారు. నేను పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నం అన్నంతోపాటు మింగేసేవాడిని. చివరికి ఆయన గొడుగు ముడిచి పక్కన పెట్టారు. (ఇది మామూలు విషయం కాదని అక్క తర్వాత చెప్పింది.)

“నీకు మాటలు యాదికుంటలేవు. మనుషులు యాదికుంటరా?”

“ఉంటరు సార్.”

“అయితే ఇను. నౌన్ అంటే మీ నాయన, ఇంటిపేరు మోసేటాయన. ఆయన ఊర్ల లేకుంటే ఆయన బదులు మీ చిన్నాయన వస్తడు సూడు, ఆయన ప్రొనౌన్. మీ నాయన ఎసుంటోడో నలుగురికి చెప్పుకుంట తిరిగే మీ మేనత్త అడ్జెక్టివ్. మీ అమ్మ వెర్బ్, ఆమె లేవకుంటే ఇంట్ల పొయ్యి రాజదు. ఆమె ఎనకనే నిలబడి ‘మెల్లగ, జల్ది, జర గట్టిగ’ అనే నాయనమ్మ అడ్వర్బ్. ఎవరు అరుగు మీద కూసోవాలె, ఎవరు గడప లోపలికి రావాలె అని చెప్పే మీ తాత ప్రిపొజిషన్. సూర్యాపేటను మిర్యాలగూడను కలిపిన మీ అక్క కంజంక్షన్.”

“మరి ఎనిమిదోది సార్?”

“ఇంటర్జెక్షనా? దానికి మనిషి అక్కర లేదు. సంబురమొచ్చినా దెబ్బ తగిలినా ఎవరి నోట్లకెళ్లయినా దుంకుతది.”

ఆ రోజు నుంచి నా కళ్ల ముందు మా ఇంటివాళ్లంతా ఇంగ్లీషులో తిరగడం మొదలుపెట్టారు. ఇంటికి వచ్చాక ఒకనాడు ధ్యాసలో ఉండి “వెర్బ్, అన్నం పెట్టు” అని అమ్మనే అనేశాను. వీపు మీద గరిటె పడింది. అయినా నాకు సంతోషంగానే ఉంది, చదువు ఒంటబట్టిందని.

ఆ ఎండాకాలంలో మామయ్య కడగొట్టు కొడుకు వడుగుకు అందరం కోదాడ వెళ్లాం. వడుగు బాగానే జరిగింది. పందిట్లో విస్తళ్లు వేశారు. భోజనాల బంతిలో పద్యం చదవడం మాలో ఆనవాయితీ. పెరుగు వచ్చేలోపు ఒక్కొక్కరూ పద్యమో శ్లోకమో అందుకుంటారు, అది ముగియగానే బంతి మొత్తం “గోవిందా” అంటుంది. అర్థమైందా లేదా అనే పట్టింపు లేదు. గొంతు ఆగిందంటే గోవింద పడాల్సిందే. అలా నాలుగైదు పద్యాలయ్యాక మామయ్య ఆ కొస నుంచి గొంతెత్తాడు. ఆయన పక్క విస్తరి ముందు కూర్చున్నది బెజవాడ కాలేజీ కుర్రాడి తండ్రి.

“ఇప్పుడు మా సూర్యాపేట అల్లుడు ఇంగ్లీషులో పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదీ అప్పజెబుతాడు!”

నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. వంటింటి గుమ్మంలో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నేను మింగి, కళ్లు మూసుకుని, మా నాన్నను తలచుకున్నాను.

“నౌన్!”

“గోవిందా!” అంది బంతి, ఏ దేవుడి పేరో అనుకుని.

“ప్రొనౌన్!”

“గోవిందా!”

ఇక నాకు ఊపు వచ్చింది. మేనత్త వచ్చింది, అమ్మ వచ్చింది, నాయనమ్మ, తాత, అక్క, అందరూ వరసగా వచ్చి గోవింద కొట్టించుకుని వెళ్లారు. ఏడు అయ్యాయి. ఎనిమిదోది కావాలి. కళ్లు తెరిచి చూస్తే మా ఇంట్లో ఇంక మనుషులు మిగల్లేదు. బెజవాడ ఆయన మీసం కింద నవ్వు మొదలైంది. మామయ్య వేళ్లు చూపిస్తూ ఏడని సైగ చేశాడు. నా ఎదుటి విస్తరి దగ్గరున్న పురోహితుడు, “నాయనా, చెయ్యి ఎండిపోతోంది. ఆ మిగిలిందేదో అనేస్తే మేం పెరుగు కలుపుకుంటాం” అని బతిమాలాడు. అప్పటికి నాకు మామయ్య కనిపించడం లేదు, పెరుగు కనిపించడం లేదు. బెజవాడ వెళ్లే బస్సులో కూర్చున్న మరదలు కనిపిస్తోంది.

సరిగ్గా అప్పుడు మరదలు నిజంగానే చారు గిన్నెతో బంతిలోకి వచ్చింది. తల వంచుకుని ఒక్కో విస్తరి దాటుకుంటూ నా దగ్గర ఆగింది. నేను వద్దనేలోపే గరిటెడు పొగలు కక్కే చారు నా వేళ్ల మీద పడింది.

“అబ్బా!” అన్నాను, పందిరి ఎగిరిపోయేట్టు.

“గోవిందా!” అంది బంతి, అదే ఎనిమిదోదనుకుని, అంతకంటే గట్టిగా.

ఆ గోవిందలో నాకు గొడుగు సారు కనిపించారు. “ఇంటర్జెక్షన్!” అని అరిచాను. మామయ్య ఎడమ చేత్తో తొడ మీద చరుచుకుని, “ఓరి వీడి దుంప తెగ! పేరు కంటే ముందు ఉదాహరణ చెప్పాడయ్యా!” అని పొట్ట పట్టుకుని నవ్వాడు. పురోహితుడు పెరుగు, పెరుగు అని కేక పెట్టాడు. బంతి లేవకముందే మామయ్య అమ్మను పిలిచి ముహూర్తాల మాట ఎత్తాడు. బెజవాడ ఆయన కూడా మంచివాడే, చేయి కడుక్కుంటూ నా భుజం తట్టి వెళ్లాడు.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు, “పాపం ఆ రోజు భయంతో నీ చెయ్యి వణికింది కదూ” అని ఆమెను ఓదార్చబోయాను. ఆమె కూర తరుగుతున్న కత్తిపీట దగ్గర నుంచి తలెత్తి చూసింది.

“వణికిందా? గురి చూసి పోశాను బావా. తమ్ముళ్ల చేత నాన్న రోజూ ఎనిమిదీ వల్లె వేయిస్తుంటే వంటింట్లో వింటూనే ఉన్నాగా. నువ్వు ఏడు దగ్గర ఆగిపోయావు. చేతిలో చారు పెట్టుకుని నన్ను ఊరుకోమంటావా?”

ఆమెకు నేను కావాలని అంత గట్టిగా ఉండేదని నాకు అంతవరకూ తెలియదు. తెలిశాక మనసు నిండిపోయింది.

వడుగు నాటి సాయంత్రం బొగ్గుతో నడిచే బస్సులో సూర్యాపేటకు తిరిగి వస్తున్న ఆ కుర్రవాడిని, అంటే అప్పటి నన్ను, తలచుకుంటే ఇప్పటికీ నవ్వూ, ముద్దూ రెండూ వస్తాయి. వేళ్లకు వెన్న రాసి తడిగుడ్డ చుట్టారు. కేవలం తన తెలివితోనే పిల్లను గెలుచుకున్నానని, సరిగా మొలవని మీసాన్ని రెండో చేత్తో దువ్వుకుంటూ కూర్చున్నాడు. పక్కనున్న అమ్మ ఉండబట్టలేక, “మస్తు మండుతుందా బిడ్డా?” అని అడిగింది. “ఏం లేదమ్మా” అన్నాడు. వాడికి నిజంగానే ఏమీ మండలేదు.