కోట గోడ మీద పాఠం చెప్పిన టీచరమ్మ

మా సోషల్ టీచరమ్మ పోయింది. ఈ మాట రాసి, మళ్ళీ చదువుకుని, నేనే నమ్మలేకపోతున్నాను.

మంగళవారం మధ్యాహ్నం నరసరావుపేట బస్టాండులో ఉండగా మా ఊరి మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు. బళ్ళో నాకంటే రెండేళ్ళు చిన్న.

"అక్కా, నీకు తెలవదా? టీచరమ్మ పోయింది. ఇప్పుడే మనూరి బస్సు కండక్టర్ చెప్పాడు."

"ఏ టీచరమ్మ?" అన్నాను. ఆవిడే అయి ఉంటుందన్న ఊహే రాలేదు.

"సోషల్ టీచరమ్మక్కా. బడికి పోబోతా, చెప్పులేసుకుంటా, అరుగు మీద కూలబడిందంట. అంతే."

"ఏందిరా నువ్వనేది! మొన్న ఆదివారమేగా నాతో కొండెక్కింది!"

నిజంగానే ఎక్కింది. సగం దారిలో ఆయాసపడి కూర్చున్నది నేను. ఆవిడ కాదు. ఆవిడకు యాభై ఇంకా నిండలేదు.

క్రోసూరు దాటాక రోడ్డు కొండల్లోకి మలుపు తిరిగే చోట ఉంటుంది మా ఊరు. మూడు వైపులా కొండలు. నాలుగో వైపున్న సందుకు అడ్డంగా కోట గోడ. మేం దాని నీడలో గోలీలాడుకుంటూ పెరిగినవాళ్ళమే గాని, అది అక్కడెందుకుందని ఎన్నడూ అనుకోలేదు. ఎనభైల మొదట్లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, టీచరమ్మ మా బడికి వచ్చింది. ఆవిడది కృష్ణకు అవతలి ఒడ్డు. మొదటి రోజే పుస్తకం మూయించి మమ్మల్ని కొండెక్కించింది.

పైన బండల మధ్య దొనల్లో, ఎండాకాలంలో కూడా వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. "ఇవి లేకుంటే ఈడ కోట లేదు. నీళ్ళు లేని కొండ మీద కోట కడితే అది కోట గాదు, జైలు" అంది. ఏ రాజు ఎప్పుడొచ్చాడో తర్వాత చెప్పింది. ముందు వాన ఎటు పారుతుందో చూపించింది.

దారిలో కుండపెంకు కనిపిస్తే వంగి తీసేది, చూసేది, తీసిన చోటే పెట్టేది. మేం జేబులో వేసుకోబోతే, "ఉన్నకాడనే ఉండనీ. ఈడుంటేనే అది మాట్లాడుతది" అనేది.

మేం తొమ్మిదిలో ఉన్నప్పుడు ఒక కాంట్రాక్టరు రోడ్డు పనికి గోడ రాళ్ళు తీయించడం మొదలుపెట్టాడు. ఎగువ కొస ఆ ఏడు వానలకు ముందే నేలమట్టమైంది. మేం పదికొచ్చాక ఒక పొద్దున టీచరమ్మ మా క్లాసు మొత్తాన్ని తీసుకెళ్ళి మిగిలిన గోడ మీద కూర్చోబెట్టింది.

లారీ వచ్చింది. డ్రైవరు మా ఊరివాడే, కింది వీధి.

"టీచరమ్మా, పిల్లల్ని దింపు. మాకు పనుంది."

"మాకూ పనుంది అన్నా. పాఠం నడుస్తుంది."

"పాత రాళ్ళమ్మా ఇయ్యి! ఎవడికి కావాలి?"

"నీకే కావాలి. పోయినేడు మీ ఇంట్లోకి నీళ్ళొచ్చినయి గదా?"

"ఆ, వచ్చినయ్."

"అంతకు ముందెప్పుడన్నా వచ్చినయా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కొండను చూపించింది, కూలిన కొసను చూపించింది. కొండ మీది వాన ఈ గోడను ఒరుసుకుంటూ వాగులోకి మళ్ళుతుందని, శత్రువులు పోయి ఇన్ని వందల ఏళ్ళయినా గోడ ఇంకా కాపలా కాస్తూనే ఉందని చెప్పింది. అతను కూలిన కొస దాకా వెళ్ళి చూసొచ్చాడు. తర్వాత కూలీల వైపు తిరిగి, "ఒరేయ్, గడ్డపారలు లారీలో పెట్టండి" అన్నాడు.

పై అధికారి ఆవిడను పిలిచి మందలించాడు. మర్నాడు కూడా ఆవిడ పాఠం గోడ మీదే చెప్పింది. కాంట్రాక్టరు రాళ్ళకు వేరే చోటు చూసుకున్నాడు. ఊరివాళ్ళు పడిపోయిన కొసను మట్టితో, రాళ్ళతో ఎత్తు చేశారు. ఆ వానాకాలం కింది వీధి తడవలేదు.

ఇవన్నీ బస్సులో గుర్తొచ్చాయి గాని ఏడుపు రాలేదు. ఎవరో పొరపాటు చెప్పి ఉంటారనే అనుకున్నాను. ఊళ్ళో దిగితే ఆవిడ వాకిటి నిండా జనం. ఆవిడను అరుగు మీదే పడుకోబెట్టారు. ఎవరన్నా ఏదైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంది ముఖం. నేను పెరట్లోకి వెళ్ళాను.

ఆ రోజు ముసురు. పొద్దున తనే ఉతికి ఆరేసుకున్న నీలం చీర తీగ మీద ఇంకా ఆరలేదు. అంచు నుంచి ఒక్కొక్క చుక్కా రాలుతోంది.